ఆట కట్టాక వచ్చే అవధాని

చదరంగం ఆడేది ఇద్దరే అయినా, ఆట ముగిసేసరికి మూడోవాడొకడు తయారవుతాడు. ఓడినవాడు పావులు డబ్బాలో వేసి టీకి లేవబోతుంటే, "ఒక్క నిమిషం, ఆ పద్దెనిమిదో ఎత్తు దగ్గరికెళ్దామండీ" అంటాడు. ఆ నిమిషం టీ చల్లారేదాకా సాగుతుంది. ఈ మూడోవాడిని విశ్లేషణావధాని అందాం. అష్టావధానంలో చదరంగమూ ఒక అంశంగా ఉండేది. అవధాని పద్యం అల్లుతూనే ఎత్తు వేసేవాడు. మన విశ్లేషణావధాని ఆ శ్రమ పెట్టుకోడు, ధారణ ఒక్కటే ఉంచుకున్నాడు. అవతలివాడి నలభై ఎత్తులూ వరసగా అప్పజెప్పి, ప్రతిదానికీ ఒక 'అయ్యో' తగిలిస్తాడు. "గుర్రాన్ని ఇటు దూకించుంటే మంత్రి దొరికిపోయేవాడు కదండీ!" గొంతులో అచ్చం పరామర్శకొచ్చిన బంధువు జాలి.

చిక్కేమిటంటే, ఆయన చెప్పేది చాలావరకు నిజమే. జేబులోని ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాం ఉంటుంది. పైసా అడగదు, ప్రపంచ చాంపియన్లకు కూడా అందనంత దూరం చూస్తుంది. అది చూసినదాన్ని తానే చూసినట్టు "కనబడలేదా?" అంటాడీయన. ఎందుకు కనబడలేదన్నది మాత్రం అడగడు. అసలు విషయమంతా అక్కడే ఉంది. 2014లో సోచీలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో ఆటలో కార్ల్‌సన్ రాజును తప్పు గడిలోకి జరిపాడు. ప్రత్యర్థి ఆనంద్ గుర్రంతో నడిమి బంటును కొడితే ఆట తిరగబడేది. ఆయన అంచునున్న బంటును ఒక గడి ముందుకు నెట్టి, చివరికి ఆట ఓడిపోయాడు. ఆ ఎత్తు ఆనంద్‌కు తెలియనిదా? అవతలివాడు తప్పు చేస్తాడని ఆశించని కన్ను అటు పోలేదంతే. 2006లో బాన్‌లో, డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం మీద ఆడుతూ క్రామ్నిక్ ఒక్క ఎత్తులో పడే కట్టును చూసుకోలేదు. అప్పటికాయన ప్రపంచ చాంపియన్.

మహామహుల సంగతి వేరు, మామూలు ఆటగాడిది తెలియనితనమే అంటారా? పట్టు లేని ఏనుగును అవతలివాడు కొట్టేస్తాడని తెలియనివాడు ఎవడండీ? తన దాడి మైకంలో అటు చూసుకోడు. ఆ మైకం పేరు చెప్పకుండా గడి పేరు చెబితే, రేపు ఇంకో గడిలో ఇంకో ఏనుగు పోతుంది. తప్పులు చూపకపోతే బాగుపడేదెలా అన్నది న్యాయమైన ప్రశ్నే. చూపాల్సిందే, కానీ ఆటకొకటి చాలు. పద్నాలుగు తప్పులు ఒక్కసారే వింటే ఓడినవాడికి గుర్తుండేది పద్నాలుగు అన్న అంకె మాత్రమే. అవధానిగారిది చెడ్డ మనసేం కాదు, పావలా ఆశించకుండా గంటసేపు గొంతు అరగదీసుకుంటాడు. అందుకే ఆయనకు ఒక చిన్న మనవి. ముందుగా "ఇక్కడ ఏమనుకుని ఈ ఎత్తు వేశారు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా ఫోన్ జేబులోంచి తీయకండి. టీ డబ్బులు కూడా మీరే ఇవ్వండి.