ఉడుంపట్టు మామ

మా జమ్మలమడుగు నారాపుర వెంకటేశ్వరస్వామి తిరునాళ్లలో బెలూన్లు కాల్చే అంగడి ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు. "బిగించి పట్టుకో అబ్బీ, బిగించి!" అనే కేక ఎక్కడ వినపడితే అక్కడుంటుంది. ఆ కేక అంగడివాళ్లది కాదు, ఉడుంపట్టు మామది. అంగట్లో ఆయనకు వాటా లేదు, జీతం లేదు. బొరుగుల పొట్లం ఒక చేత్తో పట్టుకుని పొద్దుగూకినప్పటి నుంచి దేవుడి ఊరేగింపు వచ్చేదాకా అక్కడే నిలబడి, తుపాకి పట్టిన ప్రతి పిల్లోడికీ ఉచితంగా విద్య నేర్పిస్తుంటాడు.

ఈ మామ జమ్మలమడుగు ఒక్కదాని సొత్తని రాస్తే ప్రొద్దుటూరోళ్లు, పులివెందులోళ్లు ఊరుకోరు. తిరునాళ్ల జరిగే ప్రతి ఊళ్లో ఒకాయన ఉంటాడు. వయసు యాభై దాటుంటుంది. తెల్లచొక్కా చేతులు మోచేతి పైకి మడిచి ఉంటాయి. లోకంలో ఏ పని చెడినా పట్టు చాలకనే చెడిందని ఆయన సిద్ధాంతం. ఆయన కట్టేసిన కొళాయి ఇంకొకరు తిప్పలేరు. ఆయన మూత బిగించిన ఊరగాయ సీసా తెరవాలంటే అత్త పక్కింటి పిల్లోణ్ని పిలవాల్సిందే. చేయి కలిపాడంటే అవతలి మనిషి కాసేపు సెల్లుఫోను పట్టుకోలేడు. ఆర్టీసీ బస్సులో కూర్చునే చోటు దొరికినా ముందు సీటు కడ్డీని ప్రొద్దుటూరు దాకా వదలడు. తను వదిలితే బస్సు పెన్నలో పడుతుందని ఆయన లోపలి భయం.

సినిమాలు చూసి మా సీమ గురించి తెలుసుకున్నవాళ్లకు జమ్మలమడుగు, తుపాకి అన్న రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే గాల్లోకి లేచే సుమోలు గుర్తొస్తాయి. వాళ్లను నిరాశపరచక తప్పదు. మామ జన్మలో ముట్టుకున్న తుపాకి ఈ బెలూన్ల తుపాకి ఒక్కటే. అయినా బంధువులు వస్తే, "మనకు లైసెన్సు గూడా అక్కర్ల్యా, పైనుంచే చెప్పినారు" అని గొంతు తగ్గించి చెబుతాడు. నిజానికి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్నుకు ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి మామకు చెప్పడం ధర్మం కాదు. ఉన్న ఒక్క ఘనతనూ లాక్కున్నవాళ్లమవుతాం.

ఇక ఆయన కాల్చడం చూడాలి. ముందు చెప్పులు విడుస్తాడు. ఎడమకాలు ముందుకేసి నేలను రెండుసార్లు తొక్కి చూస్తాడు. తుపాకి మడమను భుజంలోకి గుచ్చుకుంటాడు. ముందరి కట్టెను ఎడమ పిడికిట్లో నలిపేస్తాడు. పళ్లు కొరుకుతాడు, ఊపిరి బిగబడతాడు, మెడనరాలు లేస్తాయి. చుట్టూ ఉన్న పిల్లలు తుపాకిని మరచి మామనే చూస్తుంటారు. ఠప్! ఎర్రబెలూనుకు గురిపెడితే దాని పక్కన పచ్చబెలూను పగులుతుంది. "నేను దాన్నే గదా కొట్టింది" అంటాడు వెంటనే. ఏ బెలూనూ పగలకపోతే గురికాయ వంకర, గుండు సొట్ట, గాలి అడ్డం. మూడు పక్కలా గుడ్డ కట్టిన అంగట్లో ఆ గాలి ఏ సందులోంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

గురికాయ వంకర అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. ఊరూరా తిరిగే తుపాకి లారీలో ఎన్నిసార్లు కింద పడిందో ఎవరికెరుక? కానీ వంకర గురికాయ ప్రతిసారీ ఒకే వైపు తప్పిస్తుంది. మామ గుండ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి మీదికి పోతాయి. దోషం వేరేచోట ఉందని గుడ్డ మీద పడ్డ చిల్లులే చెబుతున్నాయి.

ఆ తుపాకి నడిమికి మడిచి గుండు పెట్టే రకం. మడిచినప్పుడు లోపల బలమైన స్ప్రింగు నలిగి, దాని ముందున్న పిస్టన్ వెనక్కి పోయి కొక్కేనికి పడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకుతుంది. అది ముందుకు దూకిందంటే తుపాకి వెనక్కి తన్నుతుంది. పిస్టన్ గది చివరకు చేరేసరికి నలిగిన గాలి దానికి అడ్డం పడుతుంది, అప్పుడు తుపాకి ముందుకు కుదుపుకుంటుంది. మామూలు తుపాకి వెనక్కే తంతుంది, ఇది వెనక్కీ ముందుకూ రెండు తన్నులు తంతుంది. ఈ భాగోతమంతా సెకనులో వందో వంతు అటూ ఇటూగా అయిపోతుంది. అసలు చిక్కేమంటే, ఆ కుదుపులు మొదలయ్యేసరికి గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. గుండు బరువు అర గ్రాము, పిస్టన్ బరువు వందల గ్రాములు. ఇంత పెద్దది లోపల దూకుతుంటే బయటున్న మనిషి పిడికిలి దాన్ని ఆపలేదు, పక్కకు మాత్రం తిప్పగలదు. ఒకసారి ఎడమచేయి ఎక్కువ బిగుస్తుంది, ఇంకోసారి భుజం ముందుకొస్తుంది, మరోసారి దవడ. బిగించిన కండ రెండుసార్లు ఒకేలా బిగుసుకోదు. కాబట్టి కుదుపు దారి మారుతుంది, దాంతోపాటు గుండు దారీ మారుతుంది.

అంగడామెకు ఈ లెక్కలేవీ ఎవరూ చెప్పలేదు, కానీ తెలుసు. జనం లేని వేళ ఆమె తుపాకి తీసుకుంటే చూడాలి. ఎడమ అరచేయి తెరిచి, తుపాకిని దాని మీద ఊరికే ఆనిస్తుంది. వేళ్లు ముడవదు. ప్రతిసారీ అదే చోట ఆనిస్తుంది. మడమ భుజాన్ని తాకీ తాకనట్టుంటుంది. కాల్చాక కూడా తల ఎత్తదు, గురి నుంచి కన్ను తియ్యదు. తుపాకి దాని ఇష్టం వచ్చినట్టు దూకుతుంది, కానీ ప్రతిసారీ ఒకే తీరుగా దూకుతుంది. వరసలో బెలూన్లు పోతూనే ఉంటాయి. మామ దాన్ని చూసి, "ఆడమనిషి, చేతుల్లో బలం ల్యా పాపం, అదృష్టం" అని జాలిపడతాడు.

"అన్నా, బల్లకు ఆనించొద్దు, అరచేతిమీద పెట్టుకో" అని ఆమె ఒకసారి అననే అన్నది. మామ వినలేదు. అంగడి ముందరి చెక్కకు గొట్టం అదిమిపెట్టి కాల్చాడు. గట్టి చెక్క మీదినుంచి తుపాకి ఎగిరిపడింది, గుండు బెలూన్ల పైవరసనూ దాటి పైగుడ్డకు తగిలింది. ఇంకోసారి గుండు పెట్టకుండానే ట్రిగ్గర్ నొక్కి చప్పుడు వినిపించబోయాడు. అప్పుడు మాత్రం ఆమె చేతిలోంచి లాగేసుకున్నది. "ఉత్తదే కాలిస్తే లోపల పిస్టన్ పోయి గోడకు కొట్టుకుంటాది, స్ప్రింగు నువ్వు కొనిస్తావా?" అన్నది. మామ బొరుగులు తింటూ కాసేపు అటువైపు చూడలేదు.

అంగడామె పట్టే ఆ తేలిక పట్టుకు దొరలు ఫిరంగి పేరు పెట్టుకున్నారు. చక్రాల బండిమీది ఫిరంగి పేలగానే వెనక్కి ఉరుకుతుంది, దాన్ని ఎవరూ పట్టుకోరు కదా. ఫిరంగి అనగానే మాకు పక్కనున్న గండికోటే గుర్తొస్తుంది. 1650లో గండికోటను పట్టిన మీర్ జుమ్లా అక్కడ ఫిరంగులు పోయించాలని మాయే అనే ఫ్రెంచివాణ్ని పెట్టుకున్నాడు. గుళ్లలోని రాగి విగ్రహాలు దండిగా తెప్పించి కరిగించబోయాడు. 1652లో ఆ కోటకు వచ్చిన టావెర్నియే అనే వజ్రాల వ్యాపారి ఈ కథంతా రాసిపెట్టాడు. చివరికి మాయే ఒక్క ఫిరంగి కూడా పోయలేదట. ఈ సంగతి చెబితే మామ మీసం మీద చేయివేసి, "పట్టు చాల్లా వానికి" అని తీర్పిచ్చాడు.

మామ చేతిలో ఇంకో అస్త్రం ఉంది, గగన్ నారంగ్. 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో మన హైదరాబాదు పిల్లోడు కంచు పతకం తెచ్చినప్పుడు మామ టీవీలో చూశాడట. "ఆ పిల్లోడు తుపాకిని ఎట్ల పట్టుకున్నాడనుకున్నావ్? కదిలిందా?" అంటాడు. కదల్లేదు, నిజమే. ఆ తుపాకిలో దూకే పెద్ద పిస్టనే లేదు. సిలిండర్లో ముందే కుక్కిన గాలితో పనిచేస్తుంది. ఆ పోటీల్లో పది పాయింట్ల చుక్క అడ్డం అర మిల్లీమీటరు, దాన్ని పిడికిలి బలంతో కొట్టేవాడు ఇంతవరకు పుట్టలేదు. అంతకుముందు తరంలో స్ప్రింగు తుపాకులతోనే పోటీలు జరిగేవి. ఆ కుదుపుతో వేగలేక జర్మనీవాళ్లు ఎన్ని తంటాలు పడ్డారో! ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీవాళ్లు కాల్చగానే గొట్టం, గది కలిసి కట్టెమీద పట్టాలపై వెనక్కి జారేటట్టు చేశారు. డయానా కంపెనీవాళ్లు రెండు పిస్టన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాని తన్ను ఇంకొకదానితో సరిచేయించారు. ఇంతమంది ఇంజనీర్లు చేసింది తుపాకికి కదిలే స్వేచ్ఛ ఇవ్వడమో, కుదుపును కుదుపుతో కొట్టించడమో. బిగించి పట్టుకోండని ఒక్కరూ చెప్పలేదు. మామను అడగలేదు కాబట్టి అంటాడాయన.

మొన్న దసరాకు ప్రొద్దుటూరు పోయినప్పుడు మామ ఎడమచేతికి కట్టుంది. గ్యాస్ సిలిండర్ నట్టును ఇంకొక్క చుట్టు బిగించబోయి నరం పట్టేసిందట. అమ్మవారిశాల సందడి దాటి వస్తే అదే అంగడి, అదే ఆమె. కట్టుకట్టిన చేత్తో పిడికిలి ముడవడానికి లేదు. వేరే దారిలేక తుపాకిని ఆ కట్టుమీద ఆనించి, విసుగ్గా, నొప్పికి భయపడి భుజానికి కూడా ఆనీ ఆననట్టు పెట్టుకుని కాల్చాడు. ఎర్రది పోయింది. గుండు మార్చి పక్కదానికి గురిపెట్టాడు. పక్కదే పోయింది. ఆ వరస ఖాళీ అయ్యేసరికి జనం మూగారు, ఒక పిల్లోడు ఈల వేశాడు.

"ఇట్లనే పట్టుకో అన్నా ఎప్పుడైనా" అన్నది అంగడామె, నవ్వు ఆపుకుంటూ.

మామ తుపాకిని బల్లమీద పెట్టి, కట్టున్న చేయి అందరికీ కనపడేట్టు ఎత్తాడు. "దెబ్బ తగిలిన చేయి గాబట్టి ఈ వరసతో నిలిచిపోయినాది. చేతిలో పట్టుంటే ఎనకాల గుడ్డ గూడా మిగిలేది గాదు తల్లీ!"