జారుడుబల్లా? అట్లపెనమా?

వేసవి సెలవులొచ్చాయి. పిల్లలు ఫోన్లు వదిలి పార్కుల్లో ఆడుకోవాలని పెద్దలంతా సెలవిస్తున్నారు. మంచిదే. కానీ చాలా మున్సిపల్ పార్కులకు పగలంతా తాళమే. పొద్దున్నే తెరిస్తే వాకింగ్ బాబాయిల రద్దీ. పిల్లల వంతు సాయంత్రం వస్తుంది.

అప్పటికి 42 డిగ్రీల ఎండను పగలంతా తాగిన ఇనుప జారుడుబల్ల సిద్ధంగా ఉంటుంది. దాని మీద కూర్చున్న పిల్లాడు కిందికి జారడు, పైకి ఎగురుతాడు. పిండి పోస్తే అట్టు ఖాయం! ఉయ్యాలకు గొలుసులుంటాయి, కూర్చునే బల్ల ఉండదు. కొళాయి ఉంటుంది, నీళ్లుండవు. మరుగుదొడ్డి ఉంటుంది, తాళంచెవి వాచ్‌మన్ జేబులో. వాచ్‌మన్ ఎక్కడో ఎవరికీ తెలియదు. ఫౌంటెన్ చిమ్మింది రిబ్బన్ కత్తిరించిన రోజే. గడ్డి ఎండి నెలయినా ‘గడ్డిపై నడవరాదు’ బోర్డు మాత్రం పచ్చగా మెరుస్తోంది. నీడ కోసం వెతికితే దొరికేది శిలాఫలకం. దాని మీదున్న పేర్లన్ని చెట్లు పార్కులో ఉంటే చాలు, అడవి అయ్యేది!

రోహిణి కార్తె మే నెలాఖరులో వస్తుందని పంచాంగం ఏటా ఉగాదికే చెబుతుంది. అయినా మన అధికారులకు ఎండ ఎప్పుడూ ఆకస్మిక విపత్తే.

అయ్యా, ఆటవస్తువులపై ఓ పందిరి, గేటు పక్కన ఓ చలివేంద్రం బడులు తెరిచేలోపు పెట్టించండి. పిల్లలకు ఓటు లేదు, నిజమే. వాళ్లను ఎత్తుకొచ్చే అమ్మానాన్నలకు ఉంది!