మనవాడుగారు

విజయవాడలో కొత్త కారు కొన్నవాడికి నంబరు ప్లేటు ఆలస్యంగా రావచ్చు. మనవాడుగారు మాత్రం ఆలస్యంగా రారు. దుర్గమ్మ కొండ కింద వాహనపూజ అవుతుండగానే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించే చోట నిలబడి, టైరును చెప్పుకాలితో ఓసారి తన్ని, "గాలి ఎక్కువ కొట్టారండీ" అని తేల్చేస్తారు. తరవాత బానెట్ మీద అరచెయ్యి వేసి, "ఏ తేడా వచ్చినా నాకో మాట చెప్పండి. ఆటోనగర్లో మనవాడున్నాడు" అంటారు. ఏ రకంగా మనవాడు అని అడక్కండి. ఈ ఊళ్లో ఆ ప్రశ్న చాలా దూరం పోతుంది.

అపార్టుమెంటుకొకరు చొప్పున ఉంటారు. వయసు అరవైకి అటూ ఇటూ. ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇంజన్లతో సంబంధం లేని సీట్లో కూర్చుని రిటైరయి ఉంటారు. చొక్కా జేబులో పెన్ను పక్కన కరెంటు టెస్టరు ఉంటుంది. ఇంట్లో ప్లగ్గు చూసుకునే ఆ టెస్టరు కారులోని 12 వోల్టులకు వెలగదు. అయినా బానెట్ ఎత్తగానే ఆయన దాన్ని తీసి నాలుగు చోట్ల ఆనించి, వెలగకపోవడాన్ని చూసి తల పంకిస్తారు. ఒకప్పుడు అంబాసిడర్ ఉండేది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గానీ ఆయన మాటల్లో ఇంకా తయారవుతూనే ఉంది. "అంబాసిడర్లో అయితేనా, పైపు పగిలితే సైకిల్ ట్యూబు చుట్టి, పైన తీగ కట్టి, బందరు దాకా వెళ్లిపోయాం" అంటారు. వెళ్లే ఉంటారు. రేడియేటర్ మూత వదులు చేసి, అడుగడుక్కీ నీళ్లు పోసుకుంటూ పోతే ఆ కట్టు కాసేపు ఆగుతుంది. బందరులో తిరుగు ప్రయాణం ఎలా జరిగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆటోనగర్ సంగతి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఊళ్లో రోడ్ల వెంబడి ఉండే మోటారు షెడ్లు 1960ల్లో పటమట అవతలికి చేరి ఏర్పడిన పేట అది. పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. ఆసియాలోనే పెద్దదని ఇక్కడివాళ్లు అంటారు. కొలిచి చూసినవాళ్లు నాకు తగల్లేదు గానీ, మిట్టమధ్యాహ్నం అడ్రసు వెతుక్కుంటూ ఆ క్రాస్ రోడ్లలో తిరిగినవాడెవడూ కాదనడు. ఉత్త ఛాసిస్‌గా వచ్చిన లారీ ఇక్కడ బాడీ కట్టించుకుని, రంగులేయించుకుని, వెనక సూక్తి రాయించుకుని వెళుతుంది. కమాన్ కట్టల పని ఒకరిది, లేత్ ఒకరిది, పంపు నాజిల్ ఇంకొకరిది, సీట్లు కుట్టడం వేరొకరిది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు. అందరి పనిలోనూ వేలు పెట్టేది మనవాడుగారొక్కరే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ రేడియేటర్ పైపులు మాత్రం పగులుతాయి. ఉయ్యూరులో పెళ్లి చూసుకుని, ఏసీ పెంచుకుని, బందరు రోడ్డు మీద వస్తున్నారనుకోండి. కంకిపాడు దాటాక హీటు ముల్లు కదులుతుంది. పెనమలూరు దగ్గర ఎర్రగీత తాకుతుంది. పోరంకి వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. కారు పక్కకి తీసి మనవాడుగారికి ఫోన్ చేస్తారు.

"పొగ ఏ రంగండీ?"

"తెల్లగా ఉందండీ."

"అయితే హెడ్ ప్యాకింగ్ పోయింది. హెడ్డు దించాల్సిందే. ఏం ముట్టుకోకండి, వస్తున్నా."

ఆయన వైద్యంలో చిన్న జబ్బులు లేవు. పికప్ లేదన్నా, మైలేజీ తగ్గిందన్నా హెడ్డే. ఆ మధ్య ఒకాయన డీజిల్ కారు నల్లపొగ కక్కుతూ కొండ ఘాట్ రోడ్డు ఎక్కలేకపోతే, "కల్తీ డీజిలు, పైగా హెడ్డు" అన్నారు. తీరా చూస్తే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే పైపు చీలి, ఇంజన్‌కి అందాల్సిన గాలి దారిలోనే బయటికి పోతోంది. ఇంకొకరి కారు ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా వణికిపోతుంటే కూడా హెడ్డే అన్నారు. తీరా చూస్తే దాని వాక్యూమ్ పైపుని సెల్లార్‌లో కాపురముండే ఎలుక కొరికింది.

పోరంకి చేరగానే ఆయన చేసే మొదటి పని, మీకు ముట్టుకోవద్దని చెప్పినదాన్నే తాను ముట్టుకోవడం. భుజం మీది తువ్వాలు రేడియేటర్ మూత మీద వేసి తిప్పబోతారు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. లోపల అంత ఒత్తిడి నిలబెడుతుందన్నమాట. ఆ ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత వదలగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తాయి. తువ్వాలు దేనికీ అడ్డం రాదు. రోడ్డు పక్క కొబ్బరిబోండాలాయన కత్తి పట్టుకునే పరిగెత్తుకొచ్చి, "ఆగండి మేస్టారూ, మొన్న ఇక్కడే ఒకాయనకి చెయ్యి బొబ్బలెక్కింది" అని ఆపుతాడు. మనవాడుగారు ఓ మెట్టు దిగి, "నేనూ అదే చెప్పబోతున్నా" అంటారు.

తాడు కట్టించి ఆటోనగర్ చేరుస్తారు. షెడ్డు ముందు మనవాడుగారు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడతారు. మేస్త్రీ లారీ కింద నుంచి బయటికొచ్చి చూస్తాడు.

"ఎవరండీ?"

"నేనయ్యా!"

"ఆ ఆ, రండి రండి. చాన్నాళ్లయింది."

ఈ మాట ఆటోనగర్లో ఎవరు వచ్చినా అంటారు. మనవాడుగారు మాత్రం మీ వైపు తిరిగి, చూశారా అన్నట్టు కనుబొమలు ఎగరేస్తారు. పిమ్మట మేస్త్రీకి రోగం పేరు, దాని చరిత్ర, చికిత్స వరసగా చెప్పేస్తారు. మేస్త్రీ అంతా విని, ఐటీఐ చదివి కొత్తగా చేరిన కుర్రాణ్ణి పిలిచి, "చల్లారాక చూడరా" అని మళ్లీ లారీ కిందికి వెళ్లిపోతాడు.

ఇక్కడ కాసేపు కుర్రాణ్ణి చూడాలి. ఇంజన్ చల్లబడేదాకా వాడు బానెట్ ఎత్తి ఊరికే నిలబడతాడు. నిలబడే చూస్తుంటాడు. పై పైపు, కింది పైపు, హీటర్‌కి వెళ్లే సన్న పైపులు రెండు. ఎక్కడ ఎండిన కూలెంట్ తెల్లగా పొరకట్టిందో, ఎక్కడ తడి మెరుస్తోందో కళ్లతో వెతుకుతాడు. మూత తీసి నీళ్లు పోసి, ముందు ఇంజనాయిల్ పుల్ల లాగి చూస్తాడు. ఆయిల్ పాలు కలిసినట్టు లేదు, శుభ్రంగా ఉంది. అంటే ఆయిల్లోకి నీళ్లు దిగలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్లోకి తొంగి చూస్తాడు. బుడగలు ఆగకుండా తన్నుకు రావడం లేదు. హెడ్డు మీద అనుమానం చాలామటుకు పోయినట్టే. మనవాడుగారి మొహం చూడాలప్పుడు. కట్నం మాటాడుకున్న సంబంధం తప్పిపోయినా మనిషి అంత డీలాపడడు.

ఇంజన్ ఆపి కుర్రాడు పై పైపు మధ్యలో నొక్కుతాడు, గట్టిగానే ఉంది. మనవాడుగారు, "పైపు బ్రహ్మాండంగా ఉంది, నేను చెప్పలా" అంటారు. కుర్రాడు మాట్లాడకుండా చెయ్యి చివరికి జరిపి, క్లిప్పు పక్కన నొక్కుతాడు. అక్కడ బొటనవేలు దిగబడుతుంది. పైపు చావడం ఎక్కువగా చివర్ల నుంచే మొదలవుతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే లోపలివైపు పొడుగునా చీలికలు పడతాయి. ఇక్కడ అదీ కాదు. కుర్రాడి వేలికి నల్లజిడ్డు అంటింది. వాసన చూసి, పైకి చూసి, ట్యాపెట్ కవర్ అంచు వెంబడి గుడ్డతో తుడిచాడు. గుడ్డ నల్లబడింది.

"కవర్ ప్యాకింగ్ కారుతోంది సార్. ఆయిల్ పడీ పడీ పైపు ఉబ్బింది. పైపొక్కటే మారిస్తే మళ్లీ పోద్ది. ప్యాకింగ్ కూడా మార్చాలి."

"అదే, ప్యాకింగ్ అన్నాను కదా!" అన్నారు మనవాడుగారు. 

తరవాతి అంకం స్పేర్ల షాపులో. మేస్త్రీ కారు మోడలు, సంవత్సరం చీటీ మీద రాసిస్తాడు. ఎందుకంటే పై పైపు వంపులు తిరిగిన వస్తువు, ఆ కారుకి ఆ వంపే ఉండాలి. మనవాడుగారి కన్ను మాత్రం గోడకి వేలాడుతున్న చుట్ట మీద పడుతుంది. మీటరు లెక్కన కోసిచ్చే తిన్నని పైపు. "రబ్బరేగా, కోసి వంచుకుంటే పోలా?" తిన్నని పైపుని వంచితే వంపు దగ్గర నలిగి నీళ్లకి దారి మూసేస్తుంది. పైగా రబ్బరంతా ఒకటి కాదు. కూలెంట్ పైపుకి వాడే ఈపీడీఎం రబ్బరు వేడినీళ్లని ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది, ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. పెట్రోలు, డీజిలు పైపులకి వాడే నైట్రైల్ రబ్బరుకి ఆయిలంటే లెక్కలేదు. షాపాయన ఇవేమీ చెప్పడు. "మీరు పెద్దవాళ్లు, మీకు చెప్పేదేముందండీ" అని కవర్ ప్యాకింగ్‌తో పాటు, ఆ వంపుతోనే వచ్చే మౌల్డింగ్ పైపే కాగితంలో చుట్టి ఇస్తాడు. ఈ వ్యాపారంలో అంతకుమించిన విద్య లేదు.

బిగింపు దగ్గర మనవాడుగారు పూర్తి ఫామ్‌లోకి వస్తారు. కవర్ ప్యాకింగ్ మార్చడం అయ్యాక చూస్తే, పాత పైపు రేడియేటర్ మూతికి అతుక్కుపోయి ఉంటుంది. "పట్టుకారుతో పట్టి తిప్పరా" అంటారు. ఇప్పటి రేడియేటర్ల పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. తిప్పితే పైపుతో పాటు మూతీ ఊడి వస్తుంది, పైపు ఖర్చు రేడియేటర్ ఖర్చవుతుంది. కుర్రాడు బ్లేడుతో పైపుని నిలువునా, కింది ప్లాస్టిక్‌కి గాటు పడకుండా చీల్చి ఒలిచేస్తాడు. మూతి మీద మిగిలిన రబ్బరు గీకి తుడుస్తాడు. "గ్రీజు రాయరా, జారుద్ది" అంటారు. రబ్బరు దేనివల్ల చచ్చిందో ఇప్పుడే కదా చూశాం. కుర్రాడు కూలెంట్‌తో తడిపి తోసేస్తాడు. క్లిప్పు మూతి మీది గట్టు దాటాక కూర్చోవాలి, గట్టు మీద కూర్చుంటే జారిపోతుంది. "ఇంకా బిగించు, ఇంకా" అంటారు. మరీ బిగిస్తే క్లిప్పే కొత్త రబ్బరుని కోస్తుంది. కుర్రాడు సరేసరే అంటూ స్క్రూడ్రైవర్‌ని గాల్లో ఓ రెండు సార్లు తిప్పుతాడు. మనవాడుగారు తృప్తిపడతారు.

పక్కనున్న బోరు నీళ్ల బకెట్టు ఆయనే అందిస్తారు. ఉప్పు నీళ్లు రేడియేటర్లో సున్నం కట్టిస్తాయని కుర్రాడు దాన్ని కాళ్లు కడుక్కోవడానికి పక్కన పెట్టుకుని, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోస్తాడు. పోసి, కారెక్కి, ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ ఆన్ చేస్తాడు.

మే నెల, ఆటోనగర్, రేకుల షెడ్డు. మనవాడుగారు మేస్త్రీ కాళ్ల దగ్గరికి పరిగెత్తారు. "ఏమయ్యో, కుర్రాడికి ఎండదెబ్బ తగిలింది. హీటర్ పెట్టుకుని కూర్చున్నాడు!" లారీ కింద నుంచి గొంతు వచ్చింది. "పైపుల్లో గాలి పోవాలి కదండీ. హీటర్ తిప్పితే ఆ పైపుల్లోంచీ నీళ్లు తిరుగుతాయి. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఉంచమనండి." ఫ్యాను తిరిగింది, ఆగింది. ముల్లు సగంలో నిలబడింది. కుర్రాడు చెమటతో దిగి, కొత్త క్లిప్పు చుట్టూ వేలు తిప్పి, పొడిగా ఉన్న వేలు మీకు చూపించాడు, మనవాడుగారికి కాదు.

ఇంత చెప్పాక ఆయన్ని వెంట తీసుకెళ్లడం దేనికని అడగొచ్చు. ఆయన లేకపోతే పని గంట ముందే అయ్యేది, నిజమే. కానీ బానెట్ తెరిచే మీట ఎక్కడుందో తెలియని మనిషి, లెక్క చెప్పే వేళకి ఒంటరిగా నిలబడటం నేను చూశాను. మేస్త్రీ ఎంతంటే అంతకి తలూపి, ఎక్కువిచ్చానేమో అని నెల్లాళ్లు నిద్రపట్టక బాధపడతాడు. పక్కన మనవాడుగారుంటే ఆ బాధ లేదు. ఆయన మజూరీలో యాభై రూపాయలు తగ్గిస్తారు. ఆ యాభై షెడ్డులో అందరికీ టీలకి ఇప్పిస్తారు. మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని, "మళ్లీ రండి సార్" అంటాడు. ఈసారి ఎవరండీ అనడు.

సాయంత్రానికి కథ అపార్టుమెంటు చేరుతుంది. లిఫ్టు దగ్గర వాచ్‌మన్‌కి, మూడో అంతస్తు బ్యాంకు ఆయనకి, పాల ప్యాకెట్ల అబ్బాయికి మనవాడుగారు చెబుతుంటారు. "హెడ్డు దించేసేవాళ్లండీ. నేనొప్పుకోలా. ముందు పైపు చూడవయ్యా అన్నా. చివర నొక్కి చూడు అన్నా."

వింటున్న బ్యాంకు ఆయన, సెల్లార్ మూల కవరు కప్పి ఉన్న మనవాడుగారి కారు వైపు చూశాడు. కవరు కొంచెం తొలిగి అద్దం మీది స్టిక్కరు కనబడుతోంది. కంపెనీ షోరూమ్ వాళ్లది, వచ్చే సర్వీసు తేదీ వేసి ఉంది.

"మీరు మాత్రం షోరూమ్‌లో ఇస్తారా అండీ?"

పొద్దున్నుంచీ ఇంకొకరి రబ్బరు పైపు కోసం రేకుల షెడ్డులో ఎండకి నిలబడి వచ్చిన మనవాడుగారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"అక్కడైతే ఏసీ గదిలో కూర్చోబెడతారండీ. ఈ వయసులో ఎక్కడ నిలబడతాం?"