ఊరికే కూర్చునే దానికి బదులు

“ఊరికే కూర్చునే దానికి బదులు నాలుగు టోపీలు అల్లగూడదా అత్తా!”

ఈ మాట మా వీధిలో ఎంతమందితో అన్నానో. అన్నప్పుడల్లా వాళ్లకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మాట నాకు అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పుడైనా నాకు నేను చెప్పుకోవాలి. దానికి ముందు చేసిన చిన్న చిన్న తెలివితక్కువ పనులు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటికీ వేరు ఒకటే. నేను దేన్నీ కొలవలేదు. తలను కొలవలేదు, అల్లిక సాగుడును కొలవలేదు, చివరికి మనిషి పొద్దును కొలవలేదు.

మాది పుత్తూరు. తిరుపతికి గంట ప్రయాణం. బంధువుల్లో ఏ బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయాలన్నా తిరుమల కల్యాణకట్టకే పోతాం. గుండు చేయించి, గంధం పూసి, దర్శనం చేసుకుని కొండ దిగేసరికి ఎండ మాడ్చేస్తూ ఉంటుంది. అందుకని బిడ్డకు టోపీ తప్పదు. క్రోషా సూది పట్టుకోవడం చేతనవగానే మా చెల్లెలి మనవడికి నేనే టోపీ అల్లాను. బజార్లో మెత్తగా, ముద్దొచ్చే రంగుల్లో కనిపించిన ఊలు ఉండలు తెచ్చాను. ఊలు అని పిలుస్తామే గానీ అది గొర్రె బొచ్చుతో చేసింది కాదు, అక్రిలిక్. పెట్రోలియం నుంచి తయారయ్యే దారం, చెమట పీల్చదు. అప్పుడే కత్తి తగిలిన లేత చర్మం, పైన గంధం తడి, దాని మీద ఈ టోపీ. ఇల్లు చేరేసరికి బిడ్డ నుదుటి చుట్టూ ఎర్రటి గీత పడింది, నెత్తి నిండా చెమటకాయలు. మా చెల్లెలు “ఎండకు అట్లనే అవుతుందిలే అక్కా” అంది. తప్పు ఎండ మీదికి నెట్టి నేనూ ఊరుకున్నాను.

చెమటకాయలు దారం వల్ల వచ్చాయి. గీత మాత్రం కొలత తీయకపోవడం వల్ల పడింది. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. ఏడాది నిండేసరికి 45, 46కు వస్తుంది. పెద్దవాళ్లది 55 నుంచి 57 దాకా ఉంటుంది. మొదటి ఏడాదిలో అంత వేగంగా పెరిగే తలకు, నెల రోజుల ముందు కంటితో చూసి “ఇంతుంటుంది” అనుకుని అల్లేశాను. అల్లిక నడినెత్తిన గుండ్రటి బిళ్లతో మొదలవుతుంది. ఆ బిళ్ల అడ్డుకొలత ఎంత ఉండాలో తెలియాలంటే తల చుట్టుకొలతను 3.14తో భాగించాలి. 45కు 14 చిల్లర వస్తుంది. టోపీ తలను పట్టి నిలవాలి గనక ఒక అర సెంటీమీటరు ముందే పెంచడం ఆపి, అక్కడి నుంచి నేరుగా కిందికి దిగాలి. సింగిల్ కుట్టుతో అయితే ఆరింటితో మొదలుపెట్టి వరసకు ఆరేసి పెంచుకుంటూ పోతే బిళ్ల చదునుగా వస్తుంది. తక్కువ పెంచితే లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది. పైగా చేతి బిగువు మనిషి మనిషికీ వేరు. అందుకే ముందు పది సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరేసి కొలుచుకోవాలి. కాటన్ మొదటి ఉతుకులో కొంచెం ముడుచుకుంటుంది కూడా. ఇవేవీ గొప్ప రహస్యాలు కావు. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు. నేను అడగలేదు.

మేజోళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె అదురుతుంది. ఎదురింటి పసిబిడ్డకు అల్లి ఇచ్చాను. పైకి అందంగా ఉన్నాయి. లోపలి వైపు దారం కొసలు అల్లికలోకి దూర్చి దాచకుండా అలాగే వదిలేశాను, ఎవరు చూస్తారులే అని. లోపలున్న వదులు దారం పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. విప్పకపోతే వేలే పోయే ప్రమాదం ఉంది, పిల్లల వైద్యులు ఇది బాగా ఎరుగుదురు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఆ తల్లి నీళ్లు పోసేటప్పుడు వేలు ఎర్రగా వాచి ఉండడం చూసి దారం తెంచింది గనక సరిపోయింది. అప్పటినుంచి పిల్లలవి ఏవి అల్లినా లోపలిది బయటికి తిప్పి చూడకుండా ఇవ్వను. గడ్డం కింద కట్టే తాళ్లు పెట్టను. మూడేళ్ల లోపు పిల్లల వాటికి గుండీలు, పూసలు కుట్టను. బిడ్డ నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయమని ప్రతి తల్లికీ చెబుతాను.

మా ఊరి పేరు చెబితే జనానికి విరిగిన ఎముకలు గుర్తొస్తాయి. పుత్తూరు కట్టు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా మా పక్కనున్న రాచపాళేనికి వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు, గుడ్డ పట్టీలు. మా అన్న బండి మీంచి పడి ముంజేయి విరిగితే మేమూ అక్కడే కట్టించాం. ఆ చేయి మెడకు వేలాడేసుకోవడానికి ఒక తువ్వాలు చాలు. నేను మాత్రం ముచ్చటపడి జోలె అల్లి తెచ్చాను. క్రోషా అల్లిక బరువు పడితే సాగుతుంది, గొలుసు కుట్టుతో వేసిన పట్టీ మరీ సాగుతుంది. పొద్దున గుండెల మీదున్న చేయి సాయంత్రానికి నడుము దగ్గరికి జారింది. నా మనసు నొప్పించడం ఇష్టం లేక అన్న రాత్రంతా ఓర్చుకున్నాడు. తెల్లారి వదిన పాత లుంగీ చింపి కట్టింది. అన్న, చెల్లెలు, ఎదురింటి తల్లి, అందరూ నా మీది ప్రేమతో నా తప్పును కప్పేశారు. అది కప్పడమని కూడా నేను గుర్తించలేదు. మెచ్చుకున్నారనుకున్నాను.

నాకు సూది పట్టడం నేర్పిన పిన్నిగారు నరసాపురం మనిషి. ఆమె భర్తకు రైల్వేలో ఉద్యోగం, బదిలీ మీద ఇక్కడికొచ్చారు. నాకు నాలుగు మిల్లీమీటర్ల సూదే సన్నంగా అనిపించేది. ఆవిడ ఒక మిల్లీమీటరు ఉక్కు సూదితో, కుట్టుదారమంత సన్నటి నూలుతో కబుర్లు చెబుతూ పువ్వు తర్వాత పువ్వు అల్లేసేవారు. “మా అమ్మ ఇలా అల్లే మమ్మల్ని చదివించిందండి” అని ఒకసారి అన్నారు. నేను ఆ పువ్వు ఎలా వేశారో అడిగాను. వాళ్లమ్మకు ఎంత ఇచ్చేవాళ్లో అడగలేదు.

కాటన్ దారంతో సరైన కొలతకు అల్లడం వచ్చాక గుండు టోపీలు అడిగేవాళ్లు పెరిగారు. ఆడపిల్లల తలకు బ్యాండ్లు, జడ రబ్బర్ల మీదికి పూలు, భుజాన వేసుకునే బుల్లి సంచులు. పెద్దవాళ్లకు చెవిపట్టీలు. ధనుర్మాసంలో తెల్లవారకముందే నారాయణవనం గుడికి పోయేవాళ్లు అవి బాగా అడుగుతారు. నా రెండు చేతులు చాలలేదు. మా వీధి అత్తకు, పక్క వీధిలో ఇద్దరు అమ్మాయిలకు నేర్పి పని ఇచ్చాను. దారం తూకం వేసి ఇచ్చేదాన్ని, అల్లి తెచ్చిన టోపీ తూకం వేసి తీసుకునేదాన్ని. నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రెండు గ్రాములు తగ్గితే ఏమైందని అడిగేదాన్ని. టోపీకి దారం 50 రూపాయలు, వాళ్లకు 30, నేను అమ్మేది 150.

పుత్తూరు, నగరి, నారాయణవనం, ఇవన్నీ మరమగ్గాల ఊళ్లు. పొద్దస్తమానం ఆ చప్పుడులోనే పెరిగాను. మీటరు నేతకు ఎంత, కండెలు చుట్టినందుకు ఎంత అనే లెక్కలు చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉన్నాయి. కూలి పెంచలేదని మగ్గాలు ఆపిన రోజులు తెలుసు. అయినా నా టోపీల దగ్గర ఆ లెక్క గుర్తు రాలేదు. మరమగ్గం మీద పడుగు ముందే పరుచుకుని ఉంటుంది, పేక దానంతటది అటూ ఇటూ పరుగెడుతుంది. క్రోషాను అలా అల్లే మిషను ఇంకా బజారుకు రాలేదు. బజార్లో దొరికే మిషన్ లేసు చూడ్డానికి క్రోషాలా ఉంటుంది, లోపలి మెలిక వేరు. క్రోషాలో కొక్కెం ముందు వరసలోని ఒక కంట్లో దూరి, దారాన్ని పట్టి, వెనక్కి లాగి, ఆ కుట్టును అక్కడే ముగించి, తర్వాతి కన్ను ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ వెతుకులాట వేలికీ కంటికీ వచ్చినంత సులువుగా మిషనుకు రాదు. కాబట్టి లోకంలో ఏ దుకాణంలో నిజమైన క్రోషా కనిపించినా, అంతసేపూ ఎవరో ఒక మనిషి కూర్చుని అల్లిందనే అర్థం. మగ్గం మీద మగవాడు గడిపే గంట నాకు కూలిగా కనిపించింది. పంచలో ఆడది గడిపే గంట ఖాళీగా కనిపించింది.

మా అన్న కూతురు తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదువుతోంది. నా నోటుబుక్కు చూసి, “అత్తా, నీ కథ ఎప్పుడో పుస్తకమై వచ్చిందే” అంది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజికవేత్త అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో లండన్‌లో ప్రచురించిన పుస్తకం అది. ఆ పిల్ల ఇంగ్లీషు చూసి తెలుగులో చెబుతూ పోయింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలో ఈ పని నేర్పారు. తర్వాత అది వ్యాపారమై లేసు విదేశాలకు పోయింది. ఏజెంటు ఇంటింటికీ దారం ఇస్తాడు, లేసు తీసుకుపోతాడు. పువ్వు అల్లేది ఒకరు, అతుకుపని చేసేది ఇంకొకరు, పూర్తయిన వస్తువు ఎలా ఉంటుందో చాలామంది చూడనైనా చూడరు. గడప దాటని ఇళ్ల ఆడవాళ్లు, కూలి పని చేసుకునే ఇళ్ల ఆడవాళ్లు ఇద్దరూ అల్లేవాళ్లు. వంట, నీళ్లు, పిల్లలు పోను రోజుకు ఆరేడు గంటలు దాని మీదే. అయినా వ్యాపారులు వాళ్లను పనివాళ్లుగా లెక్కపెట్టలేదు. ఇంటి ఆడవాళ్లు, తీరిక వేళ అల్లుకుంటున్నారు అన్నారు. వాళ్లూ తమ గురించి అదే చెప్పుకున్నారు. ఆ కూలి చట్టం చెప్పిన కనీస కూలికి దరిదాపుల్లో కూడా లేదు. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికీ 42 ఏళ్ల ముందే, ఆ లేసు ఎవరి పొద్దుతో తయారవుతోందో ఆ పుస్తకం రాసిపెట్టింది.

వింటూ ఉంటే ఏజెంటు సంగతి దగ్గరికొచ్చేసరికి నా ఒళ్లు చల్లబడింది. పిన్నిగారి అమ్మకు దారం ఇచ్చినవాడు, అత్తకు దారం తూచి ఇచ్చిన నేను, ఒకే పని చేశాం.

మర్నాడు అత్త పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారకముందే లేచి నీళ్లు పట్టింది, దోసెలు పోసింది, మనవళ్లను బడికి పంపింది, కొడుకు మగ్గానికి కండెలు చుట్టింది. ఆ పైన సూది పట్టుకుంది. మధ్యలో లేచి అన్నం వార్చింది. అల్లిన సమయం మాత్రమే కలిపితే ఒక టోపీకి మూడున్నర గంటలు పట్టింది. నేనిచ్చే 30 రూపాయలు గంటకు తొమ్మిది కూడా కావు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300. ఎనిమిది గంటలకు పంచినా గంటకు 37 దాటుతుంది.

“నీకు తక్కువ ఇచ్చినానత్తా” అన్నాను.

“దాందేముందిమే. ఊరికే కూర్చోనుండేదాన్నే గదా” అంది.

నేను నేర్పిన మాటే. ఆమె ఊరికే కూర్చున్న క్షణం ఆ రోజంతా నేను చూడలేదు. వందసార్లు నా నోట విని, తన రోజు గురించి ఆమె కూడా అదే నమ్మింది. బిడ్డ నెత్తి మీది చెమటకాయలు రెండు రోజుల్లో మానాయి. ఈ మాట ఎలా మానుతుందో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు గంటకు 40 రూపాయల లెక్కన ఇస్తున్నాను. దారంతో కలిపి టోపీ 190 పడుతుంది, 250కి అమ్ముతున్నాను. బజార్లో 60కే దొరుకుతుందని కొందరు వెళ్లిపోయారు. వెళ్లనీ. అడిగినవాళ్లకు ఇన్ని గంటలు, ఇంత కూలి, ఇంత దారం అని కాగితం మీద రాసి చూపిస్తాను. చూసి కొన్నవాళ్లూ ఉన్నారు, బేరమాడడానికి సిగ్గుపడినవాళ్లూ ఉన్నారు.

పాత బాకీ మిగిలింది. గ్రాముల కోసం రాసుకున్న నోటుబుక్కులో ఎవరు ఎన్ని టోపీలు అల్లారో అంతా ఉంది. దాన్ని పట్టుకుని ఒక్కొక్కరికి ఎంత తక్కువ ఇచ్చానో లెక్క కట్టాను. అత్త మొదట వద్దంది, గొంతు పెంచి కసిరింది కూడా. మూడో రోజు తనే వచ్చి తీసుకుని, “మా కోడలికి చెప్పొద్దు” అంది. ఇద్దరమ్మాయిల్లో ఒకరికి చేతికిచ్చేశాను. రెండో అమ్మాయిది పెళ్లయింది, తిరుత్తణి దగ్గర అత్తగారిల్లు. పాత ఫోను నంబరు పనిచేయడం లేదు. పండక్కి వస్తుందని వాళ్ల చిన్నమ్మ చెబుతోంది. రాకపోతే అడ్రసు తీసుకుని నేనే పోతాను.