మడ్గార్డు లేని మహా నిర్మాణం

కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా బతుకుతున్న, మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో ఇప్పుడు కొత్త నిపుణులు బయల్దేరారు. నాన్న కొన్న పాత బుల్లెట్‌ను విప్పి, కోసి, నల్లరంగు పూసి, "మొత్తం ఇంట్లోనే, నా చేతులతోనే కట్టాను" అని చాటుకునే కుర్రాళ్లు వీళ్లు.

చూడబోతే, ఆ చేతులు చేసిందంతా తీసేయడమే. మొదట మడ్గార్డులు పోయాయి. వానాకాలంలో రోడ్డేదో గుంతేదో తేలని ఊళ్లో, వెనక చక్రం చిమ్మే బురద మెడ దాకా నిలువు గీత గీస్తుంది. దాన్నీ డిజైన్ అనే అంటాడు మన కుర్రాడు. తర్వాత వెనక సీటు పోయింది. అమ్మ ఇప్పుడు కూరగాయలకు షేర్ ఆటోలో వెళ్తోంది. అద్దాలు పోయాయి, వెనకొచ్చే కంటైనర్ లారీని చూసుకోవడం వీరులకు తగని పని కాబోలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకి కార్బురేటర్‌కు గిన్నెంత ఫిల్టర్ తగిలించాడు, నూలు నుసి గాలిలో తేలే ఊళ్లో! చివరికి సైలెన్సర్ లోపలి సరుకంతా లాగేశాడు. పన్నెండు గంటలు సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో చెవులు అరగదీసుకున్న కార్మికుడు ఇంటికొచ్చి కునుకు తీస్తే, గల్లీలో మరో సాంచా మొదలు.

ఈ వేషాలకు వంశచరిత్ర లేకపోలేదు. 1950లు, 60లలో లండన్ ఏస్ కఫే కుర్రాళ్లు బండి బరువు తగ్గించింది వేగం కోసం. మన కల్యాణ్ నాకాలో లారీ వెనక ఇరుక్కున్నవాడు ఎంత బరువు తగ్గించుకున్నా లారీ కదిలితేనే కదులుతాడు. 1969 నాటి 'ఈజీ రైడర్' సినిమాలో బారెడు ముందుకు చాచిన ఫోర్కు అమెరికా తిన్నని రహదారుల మీద చెల్లింది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అలాంటి ముందు చక్రం పక్కకు వాలుతుంది, మలుపుకు బోలెడు చోటు కావాలి. మన గల్లీలో దాన్ని తిప్పాలంటే ఇద్దరు మనుషులు వచ్చి ఎత్తాలి.

ఆ సినిమా బండ్లు తయారు చేయించిన క్లిఫ్ వాస్, కట్టిన బెన్ హార్డీ నల్లజాతి వాళ్లు. తెర మీద వాళ్ల పేర్లు పడలేదు. మనవాడు అక్కడినుంచి నిక్కచ్చిగా నేర్చుకున్న విద్య ఇదొక్కటే. ట్యాంకు మీద తన పేరు బంగారు రంగులో మెరుస్తుంది. ఫ్రేముకు వెల్డింగ్ కొట్టిన భాయ్, సీటు కుట్టిన దర్జీ, రంగు వేసిన పెయింటర్ ఎక్కడా కనపడరు. 'నా చేతులు' అంటే డబ్బులిచ్చిన చేతులన్నమాట.

చట్టం సంగతి ఎత్తితే 'కళ' అంటాడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలు తారుమారయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఇలాంటి మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వచ్చాయి. ఈ కళాఖండాన్ని లెక్కగడితే జరిమానాతో ఇంకో బండి వస్తుంది.

మార్చడమే నేరమని నేననను. ఈ ఊరు బతికిందే మార్పుల మీద. ముంబై మిల్లులు వదిలించుకున్న పాత సాంచాలను, వాటిని బాగుచేసే ఇక్కడి జాబర్లు స్పానర్ పట్టుకుని దశాబ్దాల పాటు ఆడించారు. అరిగిన పన్ను మార్చారు, దొరకని భాగాన్ని చేయించారు. పేక తెగితే సాంచా ఆగాలి. ఆగకపోతే బట్టలో లోపం రేపు పొద్దున సేఠ్ కంట్లో పడుతుంది, కూలీ తెగుతుంది. జాబర్ పనికి అంత నికార్సయిన పరీక్ష ఉంది. మన నిర్మాతకున్న పరీక్ష ఫోన్ కెమెరా ఒక్కటే, అదీ బండి ఆగి ఉన్నప్పుడు. అందుకే ఆ జాబర్ కొడుకే స్పానర్ పట్టినా తండ్రి విద్య అబ్బలేదంటాను.

కోసి అతికిన ఫ్రేము గుంతలో పడితే నిలుస్తుందా, బ్రేకులు సరిచూశావా అని అడిగి చూడండి. "అది ఫేజ్ టూ" అంటాడు. అయితే ఫేజ్ టూ దాకా బండి నిలబెట్టే ఉంచు నాయనా అందామంటే, ఫొటోలో అడ్డొస్తుందని స్టాండు కూడా తీసేశాడు.