శాంతి వచ్చి కొంప ముంచింది

సూరత్ లింబాయత్‌లో మా బావ ఇరవై ఏళ్లుగా సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తున్నాడు. కరీంనగర్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న చెవుల్లో సగం ఆ చప్పుడుకే అర్పించాడు కాబట్టి ఏ మాటైనా అరిచే అడుగుతాడు. మొన్న చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊది, వాడకట్టంతా వినేలా అడిగాడు.

"బామ్మర్దీ, పేపర్ల రాస్తవ్ గదా! లడాయి ఆగితే మనకు లాభమా, నష్టమా?"

సూరత్‌కు ఇది పాత ప్రశ్న. 1861లో అమెరికాలో అన్నదమ్ములు కొట్టుకోవడం మొదలుపెడితే, దక్షిణాది రేవులను లింకన్ నౌకలు దిగ్బంధించాయి. లాంకషైర్ మిల్లులకు పత్తి అందలేదు. అప్పుడు దొరలకు మనం గుర్తొచ్చాం. పశ్చిమ భారతం నుంచి వెళ్లిన పత్తి ఏ చేలో పండినా అక్కడ దాని పేరు 'సూరత్'. పింజ పొట్టి, చెత్త జాస్తి. బేళ్లలో మట్టి కూడా తూకానికి వచ్చేది. కల్తీని ఆపడానికి బొంబాయి ప్రభుత్వం 1863లో ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. అదే ఏడు ఇంగ్లండులో బీరు కాచేవాళ్లు తమను ఎవరో 'సూరత్' అన్నారని పరువు నష్టం దావా వేశారు. ఊరి పేరే తిట్టయిందన్నమాట. అయినా డబ్బు మాత్రం ఎవరినీ తిట్టలేదు.

బొంబాయిలో జనం పరుపులు చింపి పత్తి అమ్ముకున్నారు, బదులుగా కొబ్బరి పీచు కుక్కుకుని పడుకున్నారు. వీపు గుచ్చుకున్నా కలలు మెత్తగానే వచ్చి ఉంటాయి. సూరత్‌లో పుట్టిన పత్తి దలాలు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆ కలలకు రారాజు. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న బ్యాక్ బే కంపెనీలో 5 వేలు కట్టిన షేరు 50 వేలు పలికింది. నేల ఇంకా నీళ్లలోనే ఉంది, అది వేరే సంగతి.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. అక్కడ తుపాకులు దించారు, ఇక్కడ గుండెలు ఆగాయి. పత్తి ధర పడిపోయింది. వాయిదా బేరాలు తీర్చాల్సిన జూలై 1 నాటికి చేతుల్లో మిగిలినవి కాగితాలే. ఆ దెబ్బకు కుదేలైన బ్యాంక్ ఆఫ్ బాంబే మళ్లీ లేవలేదు. ఆరు లక్షల మందికి పైగా చచ్చిన యుద్ధానికి ఏడవని బజారు, అది ఆగినందుకు బావురుమంది.

ఇప్పుడు మనం తెలివి మీరాం. పత్తి పోయి వజ్రాలు వచ్చాయి, వాటి బేరాలకు విస్తీర్ణంలో పెంటగాన్‌ను మించిన డైమండ్ బోర్స్ కట్టుకున్నాం. 2023 డిసెంబర్ 17న ప్రధాని వచ్చి ప్రారంభించారు కూడా. యుద్ధాలు నడిపే ఆఫీసు కంటే యుద్ధమంటే వణికే ఆఫీసు పెద్దది కావడం న్యాయమే. తర్వాత నెలల తరబడి అందులో తాళం తీయని గదులే ఎక్కువ. రష్యా, ఉక్రెయిన్ కొట్టుకుంటే రష్యా చమురు కొన్న పాపానికి మన సరుకు మీద అమెరికా సుంకం 2025 ఆగస్టు 27న 50 శాతానికి చేరింది. చమురు తాగింది దేశం, దెబ్బ తిన్నది వరాఛాలో వజ్రాల సాన ముందు కూర్చున్న కుర్రాడు.

ఇదంతా విని బావ సాసర్ కింద పెట్టాడు.

"గా పత్తి ముచ్చట నాకెందుకు? మేం నేసేది పాలిస్టరు."

నిజమే. పాలిస్టరు నూలుకు తల్లి చేను కాదు, చమురు బావి. ఎక్కడ బాంబు పడ్డా ముందు నూలు రేటుకే తగులుతుంది.

"మరింకేం బావా, లడాయి ఆగితే నూలు అగ్గువైతది, నీకు పని దొరుకుతది" అన్నాను.

"మా సేఠ్ పిరమున్నప్పుడే గోదాం నింపిండు. రోజూ గుడికి వోతుండు."

"లడాయి ఆగాలనా?"

"ఆగొద్దని" అని అరిచి, రెండో చాయ్ చెప్పాడు.