ఎవలికి?

“అన్నా, పది ఎంబీ ప్లాను ఎంత?” అని అడిగితే లాలాగూడ నెట్టన్న ధర చెప్పడు. “ఎవలికి?” అంటాడు.

ప్రతి బస్తీకీ ఒక నెట్టన్న ఉంటాడు. మొన్నటిదాకా కేబుల్ టీవీ అన్న. కరెంటు స్తంభాల మీద వేలాడే నల్ల వైరు చుట్టలే స్థిరాస్తి. మావాడికి మాత్రం కొట్టు రైల్వే క్వార్టర్ల పక్కన, గిరాకీ భువనగిరి అవతల అత్తగారి ఊళ్లో. అక్కడ నీళ్ల ట్యాంకు మీద డిష్షు ఎక్కించి, డాబా డాబాకీ గాలిలో నెట్టు పంపుతాడు. ఆయన వాడే 5 గిగాహెర్ట్జ్ పట్టీకి 2018 నుంచి లైసెన్సు బాధ దాదాపు తప్పింది. అయితే డిష్షూ డిష్షూ ఒకదానికొకటి కనపడాలి, మధ్యలో వేపచెట్టు ఉండకూడదు. ఆ చెట్టేమో సర్పంచ్ గారిది. రెండు కొమ్మలు కొట్టించారు గనక వారికి సగం ధర.

మరి పోస్టరు మీద ధరలెందుకు? అవి కొత్తల్లుళ్లకి. బేరం తెలియని వాళ్లన్న మాట.

పోస్టరులో 5, 10, 20 ఎంబీలున్నాయి. పైనుంచి ఆయన కొనేది 100. అరవై ఇళ్లకు తలా పది అమ్మాడు. ఆరు వందలైంది కదన్నా అంటే నొచ్చుకున్నాడు. వాళ్ల నాయన ఇక్కడి క్యారేజీ వర్క్‌షాపులో బోగీలు బాగుచేసి రిటైరైనవాడు. “స్లీపరు బోగీకి 72 బెర్తులు. ఎక్కేటోళ్లు ఎంతమంది? రైలు ఆగిందా?” అన్నాడు. నిజమే, ఆగదు. క్రికెట్ మ్యాచి ఉన్న రాత్రి మాత్రం ఔటర్‌లో నిలబడుతుంది, బౌలరు చేయి ఎత్తిన చోట.

ఆ వర్క్‌షాపు 1893 నాటిది. అప్పటి కంపెనీ పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ప్రయాణికుల సుఖానికి కాదు, పెట్టుబడిదార్ల వడ్డీకి. నెట్టన్న కరపత్రం మీద ‘గ్యారంటీ స్పీడు’ అని చూసినప్పుడల్లా నాకు వంశపారంపర్యం మీద నమ్మకం పెరుగుతుంది.

బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో కేంద్రం తేల్చింది. అంతకుముందు 512 కేబీపీఎస్ చాలు. ఆ కబురు తెలిసిన సాయంత్రమే అన్న అప్పట్లో ఉన్న ఒక ఎంబీ ప్లానును రెండు చేశాడు, పోస్టరు మీద.

ఆయన్ని వెక్కిరించడం తేలికే గానీ, ఊరి లెక్క ఆయనకు తెలిసినంతగా పెద్ద కంపెనీలకు తెలియదు. నెలనెలా రీచార్జి ఎవడు చేస్తాడు? పైసలొచ్చేది వడ్లు అమ్మినంక. అందుకే వానాకాలం ప్యాకేజీ, యాసంగి ప్యాకేజీ అని రెండు పెట్టాడు. ధాన్యం డబ్బులు ఆలస్యమైతే కనెక్షన్ కొయ్యడు, సన్నగా చేస్తాడు. అమెరికాలో కొడుకున్న ముసలమ్మకు రాత్రి తొమ్మిదింటికి స్పీడు దానంతటదే పెరుగుతుంది. ధర మాత్రం కొడుకుని బట్టి.

ఇన్నాళ్లకి చిక్కొచ్చింది. డిగ్రీ చదివే కుర్రాడొకడు రోజుకు నాలుగుసార్లు స్పీడు కొలిచి వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. “పది అన్నవ్, డౌన్‌లోడు ఒకటింబావు దాటుతలేదు.” బిట్లు ఎనిమిదైతే ఒక బైటు తమ్మీ, పదిని ఎనిమిదితో భాగించుకో అని అన్న చెప్పాడు. జీవితంలో ఆయన చెప్పిన ఏకైక పూర్తి నిజం అదే, ఎవరూ నమ్మలేదు.

మరుసటి ఆదివారం రైలెక్కి పోయి, ఆ కుర్రాణ్నే లైన్‌మన్‌గా పెట్టుకొచ్చాడు. వాళ్లింటికి 20 ఎంబీ ఉచితం. కొలతలు ఆగిపోయాయి.

నిన్న మా తమ్ముడి పొలం ఇంటికి కనెక్షన్ కావాలని ఫోన్ చేశాను. కుర్రాడే ఎత్తాడు.

“పది ఎంబీ ఎంత బాబూ?”

“ఎవలికి సార్?”